సీసాలో మొక్క, ఇంట్లో ఆడపిల్ల

పాత హార్లిక్స్ సీసా అడుగున గులకరాళ్లు, పైన బొగ్గుపొడి, ఆపైన మట్టి వేశాను. బావి గోడ మీద మొలిచిన చిన్న ఫెర్న్ నాటి, రెండు చెంచాల నీళ్లు పోసి మూత బిగించాను. ఆకుల ఆవిరే గాజుకి పట్టి, బొట్లుబొట్లుగా మళ్లీ మట్టిలోకి దిగుతోంది. నెల దాటినా పచ్చగా ఉంది.

మొన్న మా చిన్నమామగారు దాన్ని చూసి, "చూశావామ్మా, కదలకుండా ఉంటే ఎంత భద్రమో! పిల్లని అంత దూరం చదువుకి పంపడమెందుకు?" అన్నారు. కాఫీ ఇచ్చి ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోను.

ఆయనకి సీసా కథ సగమే తెలుసు. 1829లో లండన్‌లో వార్డ్ అనే డాక్టరు, ఓ పురుగు గూడుని తడిమట్టితో సీసాలో మూసిపెడితే, అందులో ఫెర్న్ మొలిచింది. ఊళ్లో బొగ్గుపొగకి బయట చచ్చిపోయే మొక్క లోపల బతికింది. మరి ఆయన దాన్ని అలాగే దాచుకున్నాడా? 1833లో గాజుపెట్టెల్లో మొక్కలు నాటి, ఓడెక్కించి సిడ్నీకి పంపాడు. నెలల ప్రయాణం తట్టుకుని చాలామటుకు పచ్చగానే చేరాయి. తర్వాత చైనా తేయాకు మొక్కలు మన హిమాలయాల దాకా వచ్చిందీ అలాంటి పెట్టెల్లోనే. చేరాక మూత తీసి నేలలో నాటారు.

అంటే ఆ గాజు కట్టిపడేయడానికి కాదు, క్షేమంగా పంపడానికి!

అయినా సీసాలో ఫెర్న్ బతుకుతుంది గానీ, మామిడి టెంక పెడితే? మొలిచిన కొన్నాళ్లకే మూత తలకి తగులుతుంది. తప్పు మొక్కదా, మూతదా?

మా అమ్మాయి హాస్టల్‌కి వెళ్తోంది. సూట్‌కేసు నేనే సర్దుతున్నాను. మీరూ సర్దండి.