కాపీ తప్పు కాదు.. దాచడమే తప్పు!

‘మీ ప్రాజెక్టు గురించి చెప్పండి’. ఇంటర్వ్యూలో ఇంతకన్నా తేలిక ప్రశ్న ఉండదు. కానీ చాలామంది ఫ్రెషర్లు తడబడేది ఇక్కడే. రెజ్యూమెలో ‘డీప్‌ లర్నింగ్‌తో ముఖాల గుర్తింపు’ అని ఘనంగా ఉంటుంది. ‘ఇందులో మీరు స్వయంగా రాసిన ఒక్క ఫంక్షన్‌ వివరించండి’ అనగానే గొంతు తడారిపోతుంది. ఎందుకంటే ఆ ప్రాజెక్టు కొన్నది, లేదా సీనియర్‌ పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది. రిపోర్టు మీద నలుగురి పేర్లుంటాయి, కోడ్‌ తెరిచి చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు. ఈ సంగతి మీకు తెలుసు. బల్లకు అవతల కూర్చున్నవారికి ఇంకా బాగా తెలుసు.

దీనికి నేను చెప్పే విరుగుడు వింటే నవ్వొస్తుందేమో! ఆ భారీ టైటిల్‌ పక్కన పెట్టండి. ఒక చిన్న ఆట కోడ్‌ను మొదటి లైన్‌ నుంచి చివరి లైన్‌ దాకా చదవండి. ఆ ఆట పేరు 2048.

19 ఏళ్ల కుర్రాడి వారాంతం

మీలో చాలామంది ఫోన్లో ఆడే ఉంటారు. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు, మొత్తం 16 గళ్లు. ఒకే అంకె ఉన్న రెండు పలకలు తగిలితే కలిసిపోయి రెట్టింపవుతాయి. 2048 పలక వస్తే గెలిచినట్టే. ఇటలీకి చెందిన గాబ్రియేలె చిరుల్లి 2014 మార్చిలో ఒక వారాంతంలో దీన్ని తయారుచేశాడు. అప్పుడతడి వయసు 19 ఏళ్లు. కోడ్‌ మొత్తాన్ని ఎంఐటీ లైసెన్సుతో గిట్‌హబ్‌లో ఉచితంగా పెట్టేశాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇది 1024 అనే ఆటకు చిన్న క్లోన్‌ అనీ, అంతకుముందే వచ్చిన మరో 2048 దీనికి ఆధారమనీ కోడ్‌తోపాటు అతడే రాసిపెట్టాడు. ఆలోచన ‘త్రీస్‌’ అనే ఆటను పోలి ఉంటుందనీ చెప్పాడు. దాచలేదు. అయినా ప్రపంచమంతా అతడి ఆటే ఆడింది.

తర్వాత ఎందరో దాన్ని తమకు నచ్చిన భాషల్లోకి మార్చుకున్నారు. వాటిలో సి భాషలో రాసిన ‘2048.సి’ ఒకటి. ఒకే ఫైలు, కొన్ని వందల లైన్లు. బొమ్మల ఫైళ్లేవీ ఉండవు. టెర్మినల్‌లో అక్షరాలు, అంకెలు, వాటి వెనక రంగులతోనే ఆట నడుస్తుంది. ఇదీ ఎంఐటీ లైసెన్సుతోనే ఉంది. మీ ల్యాబ్‌లోని లినక్స్‌ మెషిన్‌లో జీసీసీతో కంపైల్‌ చేస్తే చాలు.

ఇంత చిన్నదాంట్లో ఏముంటుంది?

ఒక వరుసలో 2, 2, 2, 2 ఉన్నాయనుకోండి. ఎడమకు జరిపితే ఏమొస్తుంది? 8 అని తొందరపడకండి. 4, 4 వస్తాయి. ఒక కదలికలో కొత్తగా కలిసిన పలక మళ్లీ కలవకూడదు. ఈ ఒక్క నియమాన్ని కోడ్‌గా రాయమంటే ఎన్నిచోట్ల తప్పులు దొర్లుతాయో మీరే రాసి చూడండి. అన్నట్టు, ఆ ఫంక్షన్‌ సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలూ అదే ఫైల్లో ఉన్నాయి. టెస్టింగ్‌ అంటే ఏమిటో నిర్వచనం బట్టీపట్టేకన్నా ఇది చూడటం మేలు.

నాలుగు దిక్కులకు నాలుగు ఫంక్షన్లు రాయాలా? అక్కర్లేదు. ఒక దిక్కుకే లాజిక్‌ రాసి, మిగతా వాటికి బోర్డునే తిప్పేస్తారు. పని అయ్యాక మళ్లీ యథాస్థానానికి తెస్తారు. మ్యాట్రిక్స్‌ రొటేషన్‌ ఎందుకు నేర్పారా అని సెకండియర్‌లో విసుక్కున్నవారికి ఇక్కడ జవాబు దొరుకుతుంది.

ఇంకోటి. పైకి బాణం మీట నొక్కితే ప్రోగ్రామ్‌కు చేరేది ఒక అక్షరం కాదు, మూడు బైట్లు. పైగా మామూలుగా టెర్మినల్‌ ఎంటర్‌ కొట్టేదాకా దేన్నీ లోపలికి పంపదు. ఆట కోసం ఆ పద్ధతిని మార్చాలి, ఆట ముగిశాక తిరిగి పాతస్థితికి తేవాలి. మర్చిపోతే మీరు టైప్‌ చేసేది తెరమీద కనిపించదు. మధ్యలో కంట్రోల్‌-సి కొడితే? దానికీ ఏర్పాటు ఉండాలి. ఆపరేటింగ్‌ సిస్టమ్స్‌ పుస్తకంలో ‘సిగ్నల్స్‌’ అని చదివింది ఇదే.

‘ఏఐ నిమిషంలో రాసిచ్చేస్తుందిగా?’

ఇస్తుంది. కాదనను. కానీ ఇంటర్వ్యూలో అడిగేది కోడ్‌ ఎవరు టైప్‌ చేశారని కాదు, అది ఎందుకలా ఉందని. చదివి అర్థం చేసుకునే అలవాటు లేకపోతే ఏఐ ఇచ్చింది తప్పో ఒప్పో కూడా చెప్పలేరు. పైగా ఉద్యోగంలో చేరాక మొదట్లో ఎక్కువగా చేయాల్సింది ఇతరులు రాసిన కోడ్‌ను చదివి, అందులో చిన్న మార్పు చేయడమే. కాలేజీలో మనకు ఎవరూ నేర్పనిదీ అదే.

‘ఇంత చిన్న ఆట పెడితే రెజ్యూమె తేలిపోదా’ అన్నది మరో భయం. షార్ట్‌లిస్టింగ్‌లో పెద్ద టైటిల్‌ కొంత పనిచేయొచ్చు. కానీ గదిలోకి వెళ్లాక మిమ్మల్ని కాపాడేది టైటిల్‌ కాదు. ఇదొక్కటే ఉద్యోగం తెచ్చిపెడుతుందనీ అనను. ఆప్టిట్యూడ్‌, డేటా స్ట్రక్చర్స్‌ సాధన ఎలాగూ తప్పదు.

ఇలా చేయండి

ముందు ఆట ఆడండి. తర్వాత కోడ్‌ చూడకుండా ఒక వరుసను జరిపే ఫంక్షన్‌ సొంతంగా రాయండి. అప్పుడు అసలు కోడ్‌తో పోల్చండి. అర్థంకాని ప్రతి లైన్‌నూ నోట్‌బుక్‌లో రాసుకుని ఛేదించండి. చివరగా మీదైన ఒక్క మార్పు చేయండి. ఒక కదలిక వెనక్కి తీసుకునే సౌకర్యమో, 5×5 బోర్డో, ఏదైనా సరే.

రెజ్యూమెలో మాత్రం ఉన్నదున్నట్టు రాయండి: ‘ఓపెన్‌ సోర్స్‌ 2048 ఆటను అధ్యయనం చేసి, అన్‌డూ జోడించాను’. అసలు రాసినవారి పేరు తీసేయకండి. ఎంఐటీ లైసెన్సు దాదాపు అన్నింటికీ అనుమతిస్తుంది. అది పెట్టే ముఖ్యమైన షరతు ఒక్కటే, కాపీరైట్‌ ప్రకటననూ లైసెన్సు పాఠాన్నీ అలాగే ఉంచాలి. పేరు చెరిపేసి మన పేరు పెట్టుకోవడం తెలివి కాదు, ఉల్లంఘన.

అప్పుడు ‘ఇందులో మీరు రాసిందేమిటి’ అని అడిగితే జవాబు నలభై లైన్లే కావచ్చు. కానీ ఆ నలభై లైన్లూ మీవి. ఇంకెన్ని ప్రశ్నలు వేసినా గొంతు తడారదు.