కర్బన రసాయనశాస్త్రము బట్టీ విద్య కాదు

విశ్వవిద్యాలయములలో తొలి సంవత్సరపు పరీక్షాఫలితములు వెలువడు దినములందు మన కుటుంబములలో ఏటేట ఒకే మాట వినవచ్చుచున్నది. గణితము గట్టెక్కినది, భౌతికశాస్త్రమును గట్టెక్కినది, ఆర్గానిక్ కెమిస్ట్రీ యొక్కటే ముంచినదని! వెంటనే పెద్దలు రెండు సలహాలు చెప్పుదురు. ఈ మారు ఇంకను గట్టిగా కంఠస్థము చేయుమనునది మొదటిది. మనకెందుకీ బాధ, కామర్సులోనికి మారుమనునది రెండవది. రెండును తప్పుడు సలహాలే. అందు మొదటిదే ఎక్కువ హానికరము. ఏలయన పిల్లలను రెండవదానికి ఈడ్చుకొనిపోవునది అదియే.

కంఠస్థము చేయుమని బోధించువారు ముందుగా ఒక లెక్క చూడవలెను. నాలుగు కర్బన పరమాణువులు గల ఆల్కేనులు రెండే. కర్బనములు ఆరైనచో ఐదు. పదియైనచో 75. ఇరువదియైనచో 3,66,319. ఇది కర్బనమును హైడ్రోజనును దప్ప వేరు మూలకమే లేని, ఒక ద్విబంధమైనను లేని, మిక్కిలి సామాన్యములగు సమ్మేళనముల లెక్క మాత్రమే. ఇంత వంశావళిని ఏ శతావధాని ధారణ చేయగలడు?

మన ఇండ్లలో తెలుగు వ్యాకరణమెరిగిన పెద్దలు ఇంకను ఉన్నారు. వారు పిల్లలకు సంధి నేర్పునప్పుడు భాషలోని పదములన్నిటిని వల్లె వేయింతురా? పదాంతమందలి ఉకారము అచ్చు పరమైనపుడు లోపించునని ఒక్క మారు బోధపడినచో, ఎన్నడును వినని పదములనైనను పిల్లవాడు కలుపగలడు, విడదీయగలడు. కర్బన రసాయనశాస్త్రము సరిగా ఇట్టిదే. అచ్చట సూత్రమొక్కటే: ఎలక్ట్రానులు సమృద్ధిగా నున్న చోటినుండి కొరతగా నున్న చోటికి పోవును. ఎక్కడ సమృద్ధి, ఎక్కడ కొరత యని గుర్తించుటయే తొలి సంవత్సరపు చదువులో ముప్పాతిక పాలు.

ఒక్క ఉదాహరణము చాలును. ప్రొపీన్ అణువునకు హైడ్రోజన్ బ్రోమైడు చేర్చినపుడు హైడ్రోజను ఏ కర్బనమును చేరును, బ్రోమిను ఏ కర్బనమును చేరును? ద్విబంధమున కిరువైపుల నున్న కర్బనములలో హైడ్రోజనులు ఎక్కువ గలదానికే క్రొత్త హైడ్రోజనును చేరునని రష్యా దేశీయుడగు మార్కోవ్నికోవ్ పందొమ్మిదవ శతాబ్దిలోనే చెప్పెను. బట్టీ విద్యార్థి దీనిని అప్పజెప్పి మార్కులు తెచ్చుకొనును. పుట తిప్పగానే, 1933లో ఖరాష్, మేయో అను వారు ప్రకటించిన విషయము ఎదురగును. పెరాక్సైడు ఉన్నచో ఫలితము తలక్రిందులగునట! ఇపుడు వాని మెదడులో ఒకదానితో నొకటి పొసగని సూత్రములు రెండు. పరీక్షామందిరమున ఏది దేనికో తోచక, నాణెమెగురవేసినట్లు వ్రాసి వచ్చును.

కారణమడిగిన విద్యార్థికి ఈ చిక్కు లేదు. మొదటి సందర్భమున ముందుగా వచ్చి తగులునది ప్రోటాను. అది చివరి కర్బనమును చేరినచో ధనావేశము నడిమి కర్బనముపై నిలుచును. ఇరుప్రక్కల నున్న కర్బన సమూహములు ఆ భారమును కొంత పంచుకొనును గనుక అచ్చట దానికి నిలుకడ ఎక్కువ. పిదప వచ్చు బ్రోమైడు అచ్చటికే పోవును. రెండవ సందర్భమున ముందు వచ్చునది జతలేని ఎలక్ట్రాను గల బ్రోమిను పరమాణువు. అదియు చివరి కర్బనమునే చేరి, ఆ జతలేనితనమును నడిమి కర్బనమునకు అప్పగించును. తరువాత హైడ్రోజను వచ్చి నడిమిదానిని చేరును. రెండిటను కారణమొక్కటే, నడిమి కర్బనమువద్ద నిలుకడ ఎక్కువ యగుట. ముందెవరు వచ్చిరనునది మారినదిగాని న్యాయము మారలేదు. మరి హైడ్రోజన్ క్లోరైడునకు ఈ విపర్యయము ఏల కలుగదని అడుగు విద్యార్థి, మార్కులు ఎన్ని వచ్చినను రాకున్నను, శాస్త్రమున ప్రవేశించినవాడే.

ఇట్లు అడుగుటను పిల్లలకు మరపించిన దెవరు? వైద్యవిద్యా ప్రవేశపరీక్ష కొరకు రెండేండ్లు నాలుగు జవాబులలో ఒకదానిని గుర్తించుటయే చదువనుకొన్న బిడ్డ, విశ్వవిద్యాలయమున తెల్లకాగితమిచ్చి చర్యావిధానమును గీయుమనగానే దిగ్భ్రాంతి చెందుట సహజము. అచ్చటనైనను కొందరు అధ్యాపకులు పాత నోట్సును చదివి వ్రాయించి గంట కొట్టగానే వెడలిపోవుదురు. గైడులు అమ్ముకొనువారి సంగతి చెప్పనేల!

కాని మనవారి ఆక్షేపణ వేరొకటి కలదు. దానిని తోసిపుచ్చరాదు. ఇంట తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియాయో మరాఠీయో, కళాశాలలో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ నలిగిన పిల్లవానికి ఇంత కఠినశాస్త్రమేల యందురు. హోసూరులోను బరంపురములోను ఈ బాధ నిజమే. ఐనను ఈ శాస్త్రమునకు సంబంధించినంతవరకు వాదము నిలువదు. కర్బన రసాయనశాస్త్రపు అసలు భాష ఇంగ్లీషు కాదు, గీత. 1865లో కెకూలే బెంజీనునకు చెప్పిన షట్కోణ నిర్మాణము, 1922లో కెర్మాక్, రాబిన్సన్ ఎలక్ట్రానుల గమనము చూపుటకు వాడిన వంకర బాణము, ఇవి ఎవరి మాతృభాషయు కావు. లండనులో పుట్టిన బాలుడును ఇచ్చట ఓనమాలతోనే ఆరంభింపవలెను. చేత పెన్సిలు పట్టి గీయనివాడు ఏ భాషవాడైనను ఈ విద్యలో నిరక్షరాస్యుడే. కంటితో చదివి గీతలు నేర్చినవాడెవడును లేడు. కాగితముపై అణువు బోధపడనిచో నాలుగు చీపురుపుల్లలు, ఒక మట్టి ముద్ద చాలును. కర్బనపు నాలుగు బంధములు చతుర్ముఖి కొనలవైపు చూచునని 1874లో చెప్పిన వాంట్ హాఫ్ వయస్సు అప్పటికి ఇరువదిరెండేండ్లు. 1877లో కోల్బే వంటి మహాపండితుడు ఆ యువకుని ఎగతాళి చేసెను. రసాయనశాస్త్రమున మొట్టమొదటి నోబెల్ బహుమానము 1901లో ఆ యువకునికే వచ్చినది.

ఈ శాస్త్రము మన ఇండ్లకు క్రొత్తదియు కాదు. నీలిమందు నీటిలో కరగదని అద్దకము పని ఎరిగిన ప్రతి కుటుంబమునకు తెలియును. తొట్టిలో దానిని క్షయకరణము చేయగా కరగి పసుపుపచ్చగా మారును. నూలు ముంచి తీసి గాలికి పట్టగానే ఆక్సిజను సోకి మరల నీలమై పోగులో నిలిచిపోవును. ఈ నీలిమందు నిర్మాణమును 1883లో బేయర్ తేల్చెను. 1897లో జర్మనీ కర్మాగారపు నీలిమందు అంగళ్లకు వచ్చినది. కడప, నెల్లూరు సీమలతో సహా మన దేశపు నీలిసాగు రెండు దశాబ్దములలో క్షీణించినది. షోలాపురమున తరతరములుగా మగ్గమును నమ్ముకొన్న మన ఇంటి బిడ్డ ఈ పాఠము చదువుచు తన తాతను ఒక్క ప్రశ్న అడిగినచో, ఏ గైడులోను లేని సమాధానము లభించును.

మన సభలలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పటమునకు పూలమాలలు వేయుదుము. భీమవరమున 1895లో జన్మించిన ఆయన మదరాసులో మెట్రిక్యులేషను గట్టెక్కినది మూడవ ప్రయత్నమున. ఆయన 1923లో హార్వర్డు చేరి, 1925లో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరసును కొలుచు పద్ధతిని ప్రకటించెను. రెండు మారులు తప్పిన ఆ బాలునికి మన పెద్దలెవరైన కామర్సు సలహా చెప్పియుండిరేమో యని తలచుకొన్నచో మాలపట్టుకొన్న చేయి కొంచెము వణకవలెను.

ఈ నెలలో ఏ ఇంటనైన బిడ్డ ఈ శాస్త్రమును విడుచుటకు దరఖాస్తు వ్రాసికొని తండ్రి సంతకము కొరకు వచ్చినచో, సంతకమును రెండు దినములు ఆపుడు. పుస్తకము మూయించి, ప్రొపీన్ చర్యను కాగితముపై గీయించి, ప్రతి బాణము ఏలనో తెలుగులో చెప్పించుకొనుడు. మీకు రసాయనశాస్త్రము రాకున్నను, బిడ్డ ఎచ్చట తడబడినదో మీకు వినబడును. ఆ తడబడిన చోటినుండి చదువు మొదలుపెట్టింపుడు. అప్పటికిని విడువదలచినచో సంతకము చేయుడు.