పింగాణీ చిలుకకు బంగారు పీట – పూత వేసినవాడికి చేతి వణుకు

హైదరాబాదు వెళ్లిన పల్లెవాసులు సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే గడియారం ముందు గుమిగూడతారు. ముసుగు రెబెక్కాను నోరు తెరిచి చూస్తారు. యూరపు పింగాణీ గదిలో మాత్రం గబగబా నడిచిపోతారు. అక్కడి డ్రెస్డెన్, సేవ్ర్ సామాను నాటి రోజుల కథ తెలిస్తే కాళ్లు కాసేపు ఆగుతాయి.

జర్మనీలోని సాక్సనీ పాలకుడు అగస్టస్ 1710లో మైసెన్‌లో పింగాణీ కార్ఖానా పెట్టించాడు. 1730 ప్రాంతంలో డ్రెస్డెన్‌లోని తన భవనం కోసం సింహాలు, మేకలు, పక్షులు నిలువెత్తున పింగాణీలోనే కావాలన్నాడు. కెండ్లర్ వంటి శిల్పులు చేశారు గాని, అంత పెద్ద బొమ్మలు ఆవంలో పగుళ్లిచ్చాయి. ఈ సంగతి మన కుమ్మరులకు వేరే చెప్పనక్కరలేదు. రాజుకు ఎవరు చెబుతారు?

చిన్న చిలుకలు, కుక్కపిల్లలు చక్కగా కుదిరాయి. పారిస్ వర్తకులు అటువంటివి కొని, ఆకులు తీగలుగా పోతపోసిన కంచు పీటలపై నిలిపి, ఆ కంచుకు బంగారు మొలాము వేయించి ప్రభువులకు అమ్మేవారు. పీట ఉంటే బొమ్మ ఒరగదు, అడుగున పగులున్నా కనబడదు, ధర మాత్రం పెరుగుతుంది.

అసలు బాధ ఆ మొలాములోనే ఉంది. బంగారాన్ని పాదరసంతో ముద్దచేసి, కంచుకు పూసి నిప్పుల మీద కాచేవారు. పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకునేది. ఆ ఆవిరి పీల్చిన పనివాడికి చేతులు వణికేవి, పళ్లు కదిలేవి. పారిస్ కంచు వ్యాపారి రావ్రియో 1814లో చనిపోతూ, ఈ పనివారిని కాపాడే ఉపాయం కనిపెట్టినవారికి 3,000 ఫ్రాంకులు ఇమ్మని వీలునామా రాశాడు. వ్యాపారుల్లో ఒక్కడికైనా ఆ ఆలోచన రావడం విశేషమే. విషపు ఆవిరిని గొట్టం ద్వారా బయటికి లాగే కొలిమి చేసి దార్సే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ బహుమతి పొందాడు.

ఇటువంటి బొమ్మ ఎక్కడ ఉంచినా దాని పక్క చీటీలో రాజు, కార్ఖానా, శిల్పి పేర్లతో పాటు పూత వేసినవాడి మాట కూడా ఒక వాక్యం ఉండాలి. పేరు తెలియకపోతే పని పేరైనా రాయవచ్చు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లే ఉపాధ్యాయులు గడియారంతో పాటు ఈ సంగతీ చెప్పాలి.

పాత కథ అని కొట్టివేయడానికి వీలులేదు. పాదరసం వాడకాన్ని అదుపు చేసే మినమాటా ఒప్పందాన్ని మన దేశం ఆమోదించింది 2018లోనే. ఏ వీధిలోనైనా పాదరసం కాచి పూత వేసే పని ఇంకా సాగుతుంటే, ఆ కుంపటి ఇంటి పంచలో, పసిపిల్లలు ఆడుకునే చోట ఉండకూడదు.