కూలికి బదులు ద్రాక్షారసం

తరతరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న ద్రాక్షారస కర్మాగారం అంటే వినడానికి ముచ్చటగా ఉంటుంది. తాత నాటిన తోట, సీసా మీద ఇంటిపేరు. అయితే అదే తోటలో తరతరాలుగా చాకిరీ చేసిన మరో కుటుంబం కూడా ఉంటుంది. వారి పేరు ఏ సీసా మీదా ఉండదు. మేము అడిగేది వారి గురించే.

దక్షిణాఫ్రికానే చూడండి. తేనెను పులియబెట్టి పానీయం చేసుకోవడం అక్కడి ఖోయ్, షోసా ప్రజల పాత అలవాటు. ద్రాక్ష మాత్రం డచ్చివారితో వచ్చింది. 1659లో కేప్‌లో తొలి ద్రాక్షారసం తీశారు. 1688లో విశ్వాసం కోసం ఫ్రాన్సు విడిచిన హ్యూగెనాట్లు వచ్చి తోటలు పెంచారు. హింస అనుభవించి వచ్చిన వారిలోనే ఎందరో బానిసలకు యజమానులయ్యారు. కేప్‌కు తెచ్చిన ఆ బానిసల్లో మన కోరమాండల్ తీరం నుంచి ఓడ ఎక్కించినవారూ ఉన్నారు.

1834లో బానిసత్వం రద్దయినా 'డాప్' పద్ధతి మిగిలింది. అంటే కూలిలో కొంత భాగంగా రోజుకు కొన్నిసార్లు చవక ద్రాక్షారసం పోయడం. తాగుడుకు అలవాటుపడినవాడు తోట వదిలి ఎక్కడికి పోతాడు? 1960లలో చట్టం వద్దన్నా అది చాలాకాలం సాగింది. తల్లి తాగిన మద్యం వల్ల వైకల్యంతో పుట్టే పిల్లలు ప్రపంచంలో అత్యధికంగా ఉన్న చోట్లలో ఆ ప్రాంతం ఒకటి.

కూలివాడు తాగితే అతన్నే తప్పుపట్టడం సులభం. మనమూ అదే చేస్తున్నాం. బెంగళూరు, చెన్నై వీధులు ఊడ్చేవారిలో ఎంతోమంది తెలుగు దళితులు, మన సంఘస్థులు. మురుగు కంపు భరించలేక తాగి పనిలోకి దిగేవారు ఉన్నారు. ఆదివారం వారికి తాగుడు మీద ప్రసంగం చేస్తాం. తాగుడు ఇల్లు కూలుస్తుంది, నిజమే. 1992లో దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడింది అందుకే. కానీ వారు తాగే మొగుణ్ణే కాదు, అమ్మే దుకాణాన్నీ నిలదీశారు. మన ప్రసంగం అంతదూరం పోదు. కాంట్రాక్టరు చేతి తొడుగులు ఇచ్చాడా, కూలి పూర్తిగా చేతికొచ్చిందా అని అడగం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగుకాలువలోకి దింపరాదన్న 2013 చట్టం ఏమైందనీ అడగం.

ప్రభువు చెప్పిన ఉపమానంలో ద్రాక్షతోట యజమాని చివరి గంటలో వచ్చినవాడికీ పూర్తి కూలి ఇచ్చాడు. ద్రాక్షారసం పోసి పంపలేదు.

యువతీయువకులారా, ఈసారి ప్రభువు బల్లకు వచ్చే ముందు మీ సంఘంలోని పారిశుద్ధ్య కార్మికుల ఇంటికి వెళ్లండి. జీతం చీటీ అడిగి చూడండి. లెక్క తేడాగా ఉంటే పాస్టరుగారిని వెంటబెట్టుకొని కాంట్రాక్టరు దగ్గరకు నడవండి. మేమూ వస్తాం.