మడత కుర్చీ మూలన పడకూడదు

ప్రతిసారీ బి.పి., షుగరు, బాలింతల ఆహారం గురించి వ్రాస్తుంటాము. ఈసారి ఒక వస్తువు గురించి మా అభిప్రాయం చెప్పదలచాము. అది మడత పెట్టే చక్రాల కుర్చీ. పక్షవాతం వచ్చినవారికీ, నడుము విరిగినవారికీ, తుంటి ఎముక విరిగిన పెద్దవారికీ ఇంటికి పంపేటప్పుడు చాలాసార్లు దీనినే ఇప్పిస్తాము. ఇచ్చేశాము గనుక మా పని అయిపోయిందని చాలాకాలం అనుకున్నాము. అది తప్పని మాకు నేర్పినది ఒక రోగి.

కొన్నేళ్ళ క్రితం ముక్త్యాల దగ్గరి పల్లెకు చెందిన ఒక గీత కార్మికుడు తాటిచెట్టు మీద నుండి పడ్డాడు. వెన్నెముక దెబ్బతిని నడుము నుండి క్రిందికి స్పర్శ పోయింది. పెద్దాసుపత్రిలో ఆపరేషను అయ్యాక మా వార్డులో ఆరు వారాలు ఉన్నాడు. వెళ్ళేరోజు ఒక దాత ఇచ్చిన కొత్త కుర్చీలో కూర్చోబెట్టి, అందరం నిలబడి ఫోటో తీయించుకున్నాము. నాలుగు నెలలకు అతడు మళ్ళీ వచ్చాడు. పిరుదు మీద ఎముక కనిపించేంత పుండు. కుర్చీ ఏమయిందని అడిగితే అతడన్న మాట మా నర్సులెవరూ మరచిపోలేదు. "బండికేం సిస్టరమ్మా, బాగానే ఉంది. మా ఇల్లే దానికి సరిపోలేదు" అన్నాడు.

మేము వెళ్ళి చూశాము. ఇంటి గుమ్మం వెడల్పు రెండడుగులు. కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు. గడప ఎత్తు నాలుగు అంగుళాలు. ఇంటి ముందు నల్లరేగడి బాట. వాన పడితే ముందరి చిన్న చక్రాలు బురదలో దిగబడిపోతాయి. కుర్చీ మడిచి వసారాలో గోడకు ఆనించారు. దాని మీద మిరపకాయల గోతాలు వేశారు. మనిషి మాత్రం లోపల మంచం మీదనే. ఆ పుండు మానడానికి ఐదు నెలలు పట్టింది. భార్య ఆ ఏడు పత్తితీతకు పోలేదు. తండ్రిని కనిపెట్టుకొని ఉండడానికి పెద్దకూతురు బడి మానింది. కుర్చీకి అయిన ఖర్చు కంటే ఆ కుటుంబం పోగొట్టుకున్నది ఎంతో ఎక్కువ.

అప్పటినుండి మేమొక మాట మీద నిలబడి ఉన్నాము. కొలత తీసుకోకుండా కుర్చీ ఇవ్వడం సేవ కాదు. డాక్టరు చూడకుండా మందు ఇవ్వడం లాంటిదే అది కూడా.

అసలు ఈ మడత కుర్చీ ఎలా పుట్టిందో చూడండి. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గని ఇంజనీరు గని ప్రమాదంలో వెన్ను విరిగి నడవలేని వాడయ్యాడు. అప్పటి కుర్చీలు బరువైనవి, మడత పడేవి కావు, కారులో పట్టేవి కావు. అతడూ, ఇంజనీరైన స్నేహితుడు హ్యారీ జెన్నింగ్సూ కలిసి సీటు క్రింద రెండు గొట్టాలను కత్తెరలాగా అడ్డంగా బిగించి, పైకి లాగితే దగ్గరకు ముడుచుకునే కుర్చీ చేశారు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. ఈనాడు మన వార్డులో ఉన్న కుర్చీ కూడా ఆ కత్తెర పద్ధతిదే. ఇందులో మనం గమనించవలసినది ఒకటి ఉంది. కూర్చోవలసినవాడే దానిని ఆలోచించాడు గనుక అతని అవసరానికి అది సరిపోయింది. అయితే అతని అవసరం కారు, నున్నటి రోడ్డు. మన అవసరం ఆటో, గడప, బురద, సున్నపురాతి బండలు.

ఆ తేడాను గుర్తించినవారు లేకపోలేదు. మోటారుసైకిలు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన రాల్ఫ్ హాచ్‌కిస్ అనే అమెరికా ఇంజనీరు 1980 నుండి నికరాగ్వా దేశపు వికలాంగులతో కలిసి పనిచేసి, ముందు చక్రాలు వెడల్పుగా ఉండి గతుకుల్లో దిగబడని మడత కుర్చీని తయారు చేశాడు. పల్లెటూరి సైకిలు షాపులో దొరికే సామాన్లతో దానిని బాగుచేసుకోవచ్చు. మన దేశంలో ప్రభుత్వం 1972లో కాన్పూరులో అలింకో సంస్థను పెట్టింది. 1981 నుండి అడిప్ పథకం క్రింద పేద వికలాంగులకు ఉపకరణాలు అందుతున్నాయి. 2025లో ఐఐటీ మద్రాసువారు తొమ్మిది కిలోల బరువుగల కుర్చీని విడుదల చేశారు. అది మడత పడేది కాదు, మనిషి కొలతకు చేసేది. మామూలు మడత కుర్చీ పద్దెనిమిది, ఇరవై కిలోలు తూగుతుంది. దానిని ఆటోలోకి ఎత్తవలసినది ఎవరు? చాలా ఇళ్ళలో భార్య, లేక తల్లి. వారి నడుము సంగతి కూడా కుర్చీ చేసేవారు తలచుకోవాలి.

మరి మడత ఎందుకు, గట్టి ఫ్రేము కుర్చీయే మేలు కదా అని కొందరు డాక్టర్లు అంటారు. వారి మాటలో నిజం ఉంది. కీళ్ళు తక్కువ గనుక గట్టి ఫ్రేము తేలికగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది, తోయడం సులువు. కానీ జగ్గయ్యపేటకో నందిగామకో ఆటోలో పోవలసినవారికి, ఒకే గదిలో నలుగురు పడుకునేవారికి మడత తప్పదు. అందుచేత మడతను మానమని మేము చెప్పడం లేదు, దానిని మన ఇళ్ళకు తగినట్లు మార్చమంటున్నాము.

మొదటిది వెడల్పు. కూర్చున్నప్పుడు తుంటి ఎంత వెడల్పో సీటు అంతే ఉండాలి. అందరికీ పద్దెనిమిది అంగుళాల సీటు ఇస్తే సన్నని మనిషి ఒక ప్రక్కకు ఒరిగిపోతాడు, కుర్చీ గుమ్మంలో ఇరుక్కుంటుంది. కనీసం మూడు సైజులు నిల్వ ఉండాలి. రెండవది సీటు. రెక్సిన్ గుడ్డ కొంతకాలానికి ఉయ్యాలలా సాగుతుంది. స్పర్శ లేనివారికి పుండు మొదలయ్యేది అక్కడే. మెత్తను విడిగా కొనుక్కోమనకుండా కుర్చీతో పాటే ఇవ్వాలి. మెత్త ఉన్నా సరే అరగంటకొకసారి చేతుల మీద పైకి లేవడమో, ముందుకు వంగడమో చేసి బరువు తీయాలి.

మూడవది చేతులు ఆనించే కమ్మీలు. అవి ఊడి వస్తే మంచం మీదికి ప్రక్కనుండి జరగవచ్చు. ఊడనివైతే ఇద్దరు మనుషులు ఎత్తాలి. కాళ్ళు పెట్టుకునే పలకలు కూడా ప్రక్కకు తిరగాలి, ఎత్తు మార్చుకునేటట్లు ఉండాలి. నాలుగవది బ్రేకు. మన కుర్చీల్లో బ్రేకు టైరును నొక్కి పట్టుకుంటుంది. గాలి తగ్గితే బ్రేకు పట్టదు. ఈ సంగతి తెలియక మంచం నుండి దిగుతూ పడినవారిని చూశాము. వారానికొకసారి గాలి చూడండి.

చంకకర్రల సంగతి కూడా ఇంతే. చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. బరువు అరచేతుల మీద పడాలి గాని చంకలో పడకూడదు. చంకలో నరం నొక్కుకుపోతే చేయి మణికట్టు దగ్గర వాలిపోతుంది. కర్ర అడుగున రబ్బరు బుష్షు అరిగితే వెంటనే మార్చండి. ఆ చిన్న రబ్బరు ముక్కకు వెనుకాడి తుంటి విరగ్గొట్టుకున్న అవ్వలు మా వార్డుకు వచ్చారు.

ఉచితంగా ఇచ్చినదానికి వంకలు పెడతారా అని కొందరు దాతలు నొచ్చుకోవచ్చు. వారి మనసును మేము తక్కువ చేయడం లేదు. కానీ ఉచితంగా ఇచ్చినంత మాత్రాన సరిపడని చెప్పులు కాలికి ఎక్కవు గదా! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చక్రాల కుర్చీల గురించి ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా మనిషిని పరీక్షించడం, కొలతకు అమర్చడం, వాడకం నేర్పడం, తర్వాత మరమ్మతులు చూడడం అన్నీ సేవలో భాగమేనని చెప్పారు. ఇరవై కుర్చీలు పంచే డబ్బుతో పదిహేను కొలిచి ఇచ్చి, మిగిలినది మెత్తలకూ టైర్లకూ ఉంచండి. ఫోటోలో తక్కువ కనిపిస్తాయి, ఊళ్ళో ఎక్కువ తిరుగుతాయి.

ఇక కుటుంబాలవారికి. కుర్చీ తీసుకునే ముందు గుమ్మం, మంచం ఎత్తు, మరుగుదొడ్డి తలుపు టేపుతో కొలిచి మాకు వ్రాసి తీసుకురండి. గడప ముందు వాలుబల్ల కట్టించేటప్పుడు అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. ఆరు అంగుళాల మెట్టుకు ఆరు అడుగులు. మడిచేటప్పుడు మెత్త తీసి, సీటు గుడ్డను ముందూ వెనుకా నడిమధ్య పట్టుకొని పైకి లాగండి. తెరిచేటప్పుడు ప్రక్క గొట్టాలను అరచేతులతో నొక్కండి. వేళ్ళు గొట్టం క్రిందికి పోనిస్తే నలుగుతాయి. ఊడే కమ్మీలను పట్టుకొని కుర్చీని ఎత్తవద్దు, చేతిలోకి ఊడివస్తాయి.

సంఘాలవారికి కూడా ఒక మాట. మందిరానికి మూడు మెట్లుండి వాలుబల్ల లేకపోతే కుర్చీలో ఉన్న సహోదరుడు ఎక్కడ ఆగిపోతాడో ఆలోచించండి. వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్‌గారు 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్ళు చచ్చుబడిన తర్వాత కూడా చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆమె ధైర్యం గొప్పదే. అయితే కుర్చీ వెళ్ళగలిగిన గది, చేతికి అందే బల్ల కూడా ఉండబట్టే ఆ ధైర్యం పనికి వచ్చింది.

ఆ గీత కార్మికుడికి తర్వాత పదహారు అంగుళాల కుర్చీ, మెత్త ఇచ్చాము. వీధిలోని తాపీమేస్త్రి గడప తీసేసి వాలు కట్టాడు. జగ్గయ్యపేట వెల్డరు కాళ్ళ పలకలు సరిచేశాడు. వానాకాలంలో బాట ఇప్పటికీ అతనిని ఆపుతూనే ఉంది. మిగిలిన రోజుల్లో తానే తోసుకుంటూ వాకిట్లోకి వస్తున్నాడు. కూతురు మరుసటి ఏడు బడికి వెళ్ళింది, ఒక తరగతి వెనుకబడి. ఆ వెనుకబాటులో మా వంతు ఉంది. మొదటి రోజే ఒక టేపు మా చేతిలో ఉండి ఉంటే ఆ పిల్లకు ఆ ఏడాది మిగిలేది.

అందుకే ఇప్పుడు మా వార్డు బల్ల మీద ఒక టేపు వ్రేలాడుతూ ఉంటుంది. కుర్చీ అడగడానికి వచ్చినప్పుడు మమ్మల్ని తొందరపెట్టవద్దు. ముందు కొలవనివ్వండి.