మేడ మీది ఎండ – ఇంటి జమాఖర్చు



ఎండలు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం అసర్ నమాజు అనంతరం నూజెండ్లలో మా మదర్సా వరండాలో కూర్చొని ఉండగా, ఒకప్పుడు నా వద్ద ఖుర్‌ఆన్ పఠనం నేర్చుకున్న శిష్యుడు వచ్చాడు. ఇప్పుడతడు అన్నదమ్ములు కలిసి ఉంటున్న ఇంటికి పెద్ద. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి కరెంటు బిల్లు. రెండవది, మేడ మీద సౌర ఫలకాలు పెట్టుకోవడానికి అప్పు ఇస్తామంటూ బ్యాంకు వారిచ్చిన పత్రం. “హజ్రత్! బిల్లు మోయలేకపోతున్నాం. అప్పు తీసుకుందామంటే వడ్డీ. ఏం చేయమంటారు?” అని అడిగాడు.

వడ్డీ నిషిద్ధమని చెప్పడం సులువు. దారి చూపకుండా అంతటితో పంపివేయడం మాత్రం ఉపాధ్యాయునికి తగదు. ఇద్దరం కాగితం, కలం తీసుకొని లెక్కకు కూర్చున్నాం. మరికొన్ని కుటుంబాలకూ అక్కరకు రావచ్చునని ఆ లెక్కను ఇక్కడ ఉంచుతున్నాను.

మన రాష్ట్రంలో ఇళ్ల విద్యుత్తు ధర మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 2022లో వచ్చిన పట్టిక ప్రకారం తొలి 30 యూనిట్లకు యూనిట్ ధర 1.90 రూపాయలు. ఆపైన 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి ఈ లెక్కన 1,673 రూపాయలవుతుంది. స్థిర చార్జీలు, సర్దుబాటు చార్జీలు దీనికి అదనం.

ఒక కిలోవాటు సౌర ఫలకాలు మన ఎండలో సగటున రోజుకు నాలుగు యూనిట్లు ఇస్తాయి. రెండు కిలోవాట్లకు నీడ పడని మేడ సుమారు 200 చదరపు అడుగులు కావాలి. వాటినుంచి నెలకు రమారమి 240 యూనిట్లు వస్తాయి. పగలు మిగిలినది లైనుకు వెళుతుంది, రాత్రి వాడుకున్నది లైనునుంచి వస్తుంది, మీటరు రెండింటినీ సరిచూస్తుంది. అప్పుడు ఆ ఇల్లు కొనవలసినది 60 యూనిట్లే, వాటి ధర 147 రూపాయలు. తరిగిపోయేవి ఖరీదైన పై మెట్ల యూనిట్లు గనుక నెలకు 1,500 రూపాయలకు పైగా మిగులుతుంది.

ఇక పెట్టుబడి. రెండు కిలోవాట్లకు సుమారు 1,30,000 రూపాయలు అనుకుందాం. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద కిలోవాటుకు 30,000 చొప్పున 60,000 రూపాయల సబ్సిడీ ఉంది. మూడవ కిలోవాటుకు 18,000 కలిపి గరిష్ఠంగా 78,000. మన వంతు 70,000 అన్నమాట. నెలకు 1,500 చొప్పున మిగిలితే 47 నెలల్లో, అంటే నాలుగేళ్లు నిండకముందే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. ఫలకాలు పాతికేళ్లు పనిచేస్తాయి. మధ్యలో ఒకసారి ఇన్వర్టరు మార్చే ఖర్చు మాత్రం ఉంటుంది.

అయితే ఇది అందరి లెక్క కాదు. నెలకు 100 యూనిట్లు వాడే ఇంటి బిల్లు 305 రూపాయలు దాటదు. ఒక కిలోవాటు పెట్టుకొని బిల్లంతా పోయినా పెట్టుబడి రావడానికి దాదాపు పదేళ్లు పడుతుంది. అటువంటి కుటుంబం తొందరపడి అప్పు చేయనక్కరలేదు. ముందుగా వృథాను ఆపుకోవాలి. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతో అదే గాలినిస్తుంది. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఒక్క ఫ్యాను మీద నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ప్రవహించే నీటి ఒడ్డున కూర్చొని వుజూ చేసినా నీటిని దుబారా చేయరాదని నేర్చుకున్న మనకు, ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరుగుతుండడం తగని పని.

మరి రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. బ్యాటరీ లేని సౌర వ్యవస్థ, లైనులో కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే మనిషి ప్రాణరక్షణ కోసం చేసిన ఏర్పాటు అది. రెండవది, ఫలకానికి కావలసింది వెలుతురే గాని వేడి కాదు. ఎండ మరీ ముదిరితే ఉత్పత్తి కొంత తగ్గుతుంది. రెంటచింతల ఎండ పేరు చెప్పి ఎక్కువ ఆదాయం ఆశపెట్టేవారి మాట నమ్మవద్దు.

ఇక అసలు ప్రశ్న. ప్రభుత్వ సబ్సిడీ పౌరులకిచ్చే సహాయం, దానిని స్వీకరించడంలో దోషం లేదు. కాని అది ఫలకాలు బిగించిన తరువాతే ఖాతాలో పడుతుంది. ముందు మొత్తం సొమ్ము పెట్టాలి. తాకట్టు లేకుండా, తక్కువ వడ్డీకి బ్యాంకులు అప్పిస్తున్నాయి. శాతం తక్కువైనంత మాత్రాన వడ్డీ స్వభావం మారదు. మరి లేనివాడు ఎండను చూస్తూ కూర్చోవలసిందేనా?

కానక్కరలేదు. మన స్త్రీలు ఎన్నడో కనిపెట్టిన మార్గముంది – వేలం పాట లేకుండా, ఎవరూ తరుగు తీసుకోకుండా వంతులవారీగా నడుపుకొనే చీటీ. పది కుటుంబాలు లేదా ఊరి బైతుల్‌మాల్ కలిసి 1,30,000 రూపాయలు ఖర్జె హసనాగా ఒక ఇంటికి ఇచ్చాయనుకోండి. సబ్సిడీ రాగానే 60,000 నిధికి తిరిగి చేరుతుంది. మిగిలినది నెలకు 1,500 చొప్పున చెల్లించాలి. ఆ వాయిదా ఇంటి ఖర్చుకు అదనపు భారం కాదు, నిన్నటివరకు బిల్లుకు పోయిన సొమ్మే. నిధి నిండగానే రెండవ ఇంటి వంతు. అప్పును సాక్షుల సమక్షంలో వ్రాసుకోవాలని, ఇబ్బందిలో ఉన్న రుణగ్రస్తునికి గడువివ్వాలని దివ్య ఖుర్‌ఆన్ ఆదేశిస్తున్నది. ఈ రెండూ పాటిస్తే మాట పట్టింపులకు తావుండదు.

ఇంత లెక్క మనకు సాధ్యమైనది ధర దిగివచ్చినందువల్ల. 2010లో దేశంలో సౌర విద్యుత్తు వేలంలో యూనిట్ ధర పన్నెండు రూపాయల దరిదాపుల్లో ఉండేది. 2017 ఏప్రిల్‌లో మన రాయలసీమ ప్రాజెక్టుకు జరిగిన వేలంలో అది 3.15 రూపాయలకు దిగింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబెట్టి బతికిన పల్నాడు ప్రజలకు ఎండ విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ ఎండ ఇప్పుడు మేడ మీద కూడా పనికి వస్తున్నది.

నా శిష్యుడు బ్యాంకు పత్రాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. జుమా తరువాత నలుగురితో మాట్లాడదామన్నాడు. నిధికి మొదటి నెల వంతు నా జీతంలోనుంచి ఇస్తానన్నాను. మీ మస్జిదు వరండాలో కూడా ఈ సంభాషణ మొదలుకావాలని నా ఆశ.

అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, పరస్పరం ఆదుకునే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.