గొంతు నాది, చెవి నాది, నాబు మాత్రం మీది

మనవాళ్ళ దగ్గర దేనికి కరువున్నా సలహాలకి కరువు లేదు. గొంతు బొంగురుపోయిందా? మిరియాల పాలు తాగు. చెవిలో గుయ్‌మంటోందా? దూది పెట్టుకోవాల్సింది. అసలివి ఎందుకొచ్చాయి అని మాత్రం ఒక్కరూ అడగరు. నా గొడవంతా అక్కడే.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. ఎవరి గొంతు వాళ్ళది, ఎవరి చెవి వాళ్ళది, నిజమే. కానీ వాటిని పాడుచేసే మోత మాత్రం ఎవరో ఒకరు పెడితే అందరూ వినాల్సిందే. కాబట్టి నాబు ఎవరి చేతిలో ఉంటే బాధ్యతా వాళ్ళదే. ఆ నాబు పట్టుకున్నది ఎవరో బయటివాళ్ళనుకునేరు. సంగీత్‌కి డీజేని మాట్లాడేది మనమే, అపార్ట్‌మెంటు వినాయకుడి కమిటీలో ఉండేది మనమే, కంపెనీ యాన్యువల్ డేకి సౌండువాళ్ళకి అడ్వాన్సు ఇచ్చేదీ మనమే.

ముందు లెక్క చూద్దాం, ఇంజనీర్లం కదా. డెసిబెల్ అంటే లాగరిథమ్ స్కేలు అని బట్టీపట్టి పరీక్ష గట్టెక్కాం, అక్కడితో మర్చిపోయాం. దానర్థం 3 డెసిబెళ్ళు పెరిగితే చెవిలో పడే శక్తి రెట్టింపు అని. ఉద్యోగుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ 1998లో ఒక పరిమితి సిఫారసు చేసింది. 85 డెసిబెళ్ళ మోతలో రోజుకి 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెళ్ళకీ టైము సగమవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, 94కి ఒక్క గంట. 100కి వచ్చేసరికి 15 నిమిషాలే.

ఒక కంపెనీ యాన్యువల్ డేలో (పేరెందుకులెండి, జీతమిచ్చిన చోటు) అదే నియోష్ ఐఫోనుకి ఉచితంగా ఇచ్చిన యాప్‌తో నేను కొలిచాను. స్టేజీ ముందు కాదు, హాలు మధ్యలో. 102 చూపించింది. ఆ లెక్కన నా ఆ రోజు కోటా పది నిమిషాలు కూడా లేదు. ప్రోగ్రాం మూడు గంటలు. అంటే సుమారు పంతొమ్మిది రోజుల కోటా ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఫోను కొలత కాబట్టి ఓ నాలుగు తగ్గించుకోండి. అప్పుడు కూడా వారం రోజుల పైమాటే. పక్క కుర్చీలో ఓ మూడేళ్ళ పాప రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది. ఆ హాల్లో బుర్ర ఉన్నది ఆ పిల్లకొక్కదానికే అనిపించింది. నిర్వాహకుల దగ్గరికెళ్ళి కొంచెం తగ్గించమంటే వచ్చిన జవాబు మీరు ఊహించగలరు: "ఎంజాయ్ చెయ్యండి బాస్, ఒక్క రోజే కదా!"

ఈ "ఒక్క రోజే కదా" దగ్గర మొదలుపెడదాం. మన ఒక్కో చెవి లోపల సుమారు పదిహేను వేల రోమకణాలుంటాయి. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే యంత్రాంగం అదే. అవి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. తమాషా ఏమిటంటే కోళ్ళకి పుడతాయి! పక్షుల చెవుల్లో ఈ కణాలు తిరిగి మొలుస్తాయని 1980ల చివర్లోనే కనిపెట్టారు. అంటే విందులో ప్లేట్లోకొచ్చిన కోడికి బతికున్నప్పుడు ఉన్న సౌకర్యం, పక్కన డీజే దగ్గర నిలబడి తింటున్న మనకి లేదన్నమాట. బ్యాకప్ లేని సర్వరు మీద మనమెవరమైనా ఇలా లోడ్ టెస్టింగ్ చేస్తామా?

రెండో వాదన, "ఇన్నేళ్ళ నుంచీ వింటున్నాం, టెస్టులో నార్మలే వచ్చింది" అని. 2009లో షారన్ కుజావా, చార్లెస్ లిబర్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకలకి 100 డెసిబెళ్ళ శబ్దం రెండు గంటలు వినిపించారు. కొన్నాళ్ళకి వాటి వినికిడి మామూలు స్థాయికొచ్చేసింది, రోమకణాలు కూడా క్షేమం. కానీ లోపల ఆ కణాలకీ నాడికీ మధ్య ఉండే కనెక్షన్లలో, కొన్ని భాగాల్లో, సగం దాకా పోయాయి. మనుషుల్లో ఇది ఎంతవరకు జరుగుతుందనే దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది, అది దాచిపెట్టను. కానీ టెస్టు కేసులన్నీ పాసయినంత మాత్రాన కోడ్‌లో బగ్గు లేదని నమ్మే అమాయకులు మనలో ఎవరూ లేరు కదా, చెవి దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమవుతోంది?

ఇక గొంతు సంగతి. చెవికీ గొంతుకీ లంకె ఏమిటంటారా? మోతలో మాట్లాడితే మనకి తెలియకుండానే గొంతు పెరుగుతుంది. ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే దీని గురించి రాశాడు. నమ్మకపోతే ఆఫీసులో హెడ్‌సెట్ బిగించుకుని కాల్ మాట్లాడే మనిషిని గమనించండి. తన గొంతు తనకే సరిగ్గా వినపడదు, అందుకని అరుస్తాడు. ఆయన ప్రొడక్షన్ గొడవ ఫ్లోరంతటికీ తెలిసిపోతుంది. ఆయన్ని చూసి పక్కవాడు, పక్కవాణ్ణి చూసి ఇంకొకడు. సాయంత్రానికి అందరికీ గొంతు గరగర.

గొంతుతోనే బతికే టీచర్ల సంగతి ఇంకా అన్యాయం. అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో 1243 మంది టీచర్ల మీద చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చినవాళ్ళు టీచర్లలో 57.7 శాతం, మిగతా వృత్తుల్లో 28.8 శాతం. సరిగ్గా రెట్టింపు.

వీళ్ళకి ఏం చెయ్యాలి? ఆ పరిశోధకుల్లో కొందరు అంతకుముందే, 2002లో, గొంతు సమస్య ఉన్న 44 మంది టీచర్లని మూడు గుంపులు చేసి ఆరు వారాలు చూశారు. ఒక గుంపుకి నడుముకి తగిలించుకునే చిన్న మైకు సెట్టు ఇచ్చారు. ఇంకో గుంపుకి నీళ్ళు బాగా తాగండి, అరవకండి లాంటి జాగ్రత్తలు నేర్పారు. మూడో గుంపుకి ఏమీ లేదు. చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది మైకు ఇచ్చిన గుంపులోనే. మళ్ళీ చదవండి. సలహాలు ఇస్తే కాదు, పరిస్థితి మారిస్తే బాగుపడింది. మన మిరియాల పాల బృందం గమనించాలి. (అన్నట్టు, బొంగురు నాలుగు వారాలైనా తగ్గకపోతే పాలు పక్కనపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోండి.)

ఇక ఆఖరి వాదన, అందరికీ ఇష్టమైనది: "రూల్సన్నీ మన పండగలకే గుర్తొస్తాయా?" అయ్యా, రూల్సు అందరికీ ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. పండగలకి ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ టైముకే గానీ వాల్యూముకి కాదు. బహిరంగ స్థలం హద్దు దగ్గర 75 దాటకూడదని సుప్రీంకోర్టు 2005 జులైలో తేల్చి చెప్పింది. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చారు. ఇక సంస్కృతి మాటంటారా, సన్నాయి మేళం కూడా గట్టిగానే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ సన్నాయి ఊదేవాడికి ఆయాసమొస్తే ఆపుతాడు. డీజే ఆగాలంటే కరెంటు పోవాలి.

మరి ఏం చెయ్యమంటావ్ అంటారా? సౌండువాళ్ళతో మాట్లాడేటప్పుడు రేటు ఒక్కటే కాదు, డెసిబెళ్ళు కూడా మాట్లాడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకి ప్రమాణం పెట్టింది: 15 నిమిషాల సగటు 100 దాటకూడదు. అది కూడా తక్కువేం కాదు. దాన్ని కాగితం మీద రాయించి, మిక్సరు పక్కన మీటరు పెట్టించండి. బాక్సుల ముందు పిల్లల్ని కూర్చోపెట్టకండి. కాసేపు వెళ్ళి కూర్చోడానికి ప్రశాంతమైన గది ఒకటి ఉంచండి. మీ పిల్లల స్కూలు మీటింగులో ఫీజులతో పాటు టీచర్లకి మైకుల సంగతీ అడగండి. ఇవన్నీ అయ్యాక, అప్పుడు, ఫోము ఇయర్‌ప్లగ్గులు పంచండి. మెత్తగా నలిపి, చెవిని పైకి లాగి లోపలికి పెడితే పనిచేస్తాయి, దూదిలా కాదు. కానీ అది ఆఖరి మెట్టు, మొదటిది కాదు. పొగ ఆపకుండా మాస్కులు పంచేవాణ్ణి మనం మెచ్చుకోం కదా!

ఈసారి మీ కమిటీలో డీజే బడ్జెట్ చర్చకొచ్చినప్పుడు ఎవరో ఒకరు "ఎన్ని డెసిబెళ్ళు?" అని అడగండి. నవ్వుతారు. నవ్వనివ్వండి, జవాబు మాత్రం మినిట్స్‌లో రాయించండి.